మూడూ నెగెటివే

మా వదిన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేటప్పుడు దాని అంచు ఎడమ రొమ్ము కిందికి ఆనేది. పాతికేళ్లకు పైగా అట్లాగే ఆనుతూ వచ్చింది. ఒకరోజు ఆ అంచు ఏదో గట్టిదానికి తగిలింది. ఆమె చాటను కొంచెం ముందుకు జరుపుకుని పని కానిచ్చింది. అట్లా జరుపుకుంటూ మూడు నెలలు గడిపిందని నాకు తర్వాత తెలిసింది.

నేను బాన్సువాడలో ఒక ప్రైవేటు ల్యాబులో పదిహేనేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రక్తం తీయడం, షుగరు, థైరాయిడ్, టైఫాయిడ్ చూడటం, మా దగ్గర కాని పరీక్షలను డబ్బాలో సర్ది హైదరాబాదు పంపడం, రిపోర్టు వస్తే కౌంటర్లో ఇవ్వడం నా పని. ఈ పని నాకు వదిన పెట్టిన భిక్ష. నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ పోయింది. తొమ్మిదేళ్లప్పుడు వదిన మా ఇంటికి వచ్చింది. ఆమెకు అప్పుడు పదిహేడు. నా తలకు నూనె పెట్టి, పేలు తీసి, రెండు జడలు వేసి బడికి పంపింది ఆమే. మా వాడకట్టులో ఆడపిల్లకు పదేళ్లు దాటితే చేతికి కత్తెర, బీడీ చుట్టే తునికాకు ఇస్తారు. మా నాన్న నాకూ ఇవ్వమన్నాడు. వదిన ఇవ్వలేదు.

"దానికి ఆకు కత్తిరిచ్చుడు నేర్పియ్య మామా. నేర్పితే ఇగ జిందగీ అంత అదే పని అయితది" అంది, తల మీద కొంగు సర్దుకుంటూనే. మామ ముందు ఆమె గట్టిగా మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇంటర్ అయ్యాక నిజామాబాదులో ల్యాబు కోర్సుకు పొద్దున బస్సు ఎక్కించడానికి నాతో బస్టాండుకు వచ్చేది. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి, టిఫిన్ డబ్బా మూత బిగించి ఉందా లేదా అని అడిగేది.

పోయిన సంవత్సరానికి ముందటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆమె ల్యాబుకు వచ్చి బెంచీ మీద కూర్చుంది. జనం పల్చబడేదాకా ఆగింది. తర్వాత లేచి వచ్చి, "నీతోని ఒక మాట చెప్పాలె బిడ్డా, లోపలికి నడువు" అంది. శాంపిళ్లు తీసే గదిలో పరదా లాగి, రవిక హుక్కులు విప్పి, నా చెయ్యి పట్టుకుని తనే అక్కడ పెట్టుకుంది. పెద్ద రేగుపండంత గడ్డ. వేలితో తోస్తే కదల్లేదు.

"నొస్తలేదు. అందుకే చెప్పలే" అంది.

ఇక్కడి లేడీ డాక్టరు చూసి నిజామాబాదు రాసింది. అక్కడ సర్జన్ సూదితో ముక్క తీశాడు. ఆ ముక్కను సీసాలో నేనే తెచ్చి, మా ల్యాబు నుంచే హైదరాబాదు పంపాను. సీసా మీద చీటీ అంటించి వదిన పేరు, వయసు రాశాను. వయసు నలభై ఐదు.

మొదటి రిపోర్టు వచ్చింది, క్యాన్సర్ అని. సర్జన్ ఆ మాట చెప్పినప్పుడు మా అన్న కూడా గదిలో ఉన్నాడు. అన్నకు బాన్సువాడ నుంచి బీర్కూర్ దాకా ఆటో నడపడం పని. ఎప్పుడూ నలుగురితో మాట్లాడుతుండే మనిషి, ఆ గదిలో టేబుల్ అంచు వదలకుండా నిలబడిపోయాడు. సర్జన్ మాత్రం వివరంగానే చెప్పాడు.

"ఇంకో పరీక్ష ఉంది. ఆ గడ్డలోని కణాల మీద కొన్ని ప్రొటీన్లు ఉన్నాయా లేవా అని చూస్తారు. అది వస్తేగాని ఈ రోగం ఎట్లా నడుస్తుందో, ఏ మందు పనిచేస్తుందో చెప్పలేం. రిపోర్టు చేతికి రాగానే హైదరాబాదులో పెద్ద దవాఖానకు పొండి. ఆగొద్దు."

తిరుగు బస్సులో అన్న నా వైపు వంగి మెల్లగా అడిగాడు. "అంటే అసలు పరీక్ష ఇంకా రాలేదు గదా? అది వస్తెనే ఏందో తెలుస్తదన్నడు గదా సారు?"

అది రోగం ఉందో లేదో చెప్పే పరీక్ష కాదు, ఉన్న రోగం ఎంత చెడ్డదో చెప్పే పరీక్ష అని నేను అప్పుడే చెప్పాల్సింది. బస్సులో పక్కన జనం ఉన్నారు. వదిన కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. "ఆ అన్నా" అన్నాను. నా తప్పు అక్కడ మొదలైంది. అది తప్పని అప్పుడు అనిపించలేదు.

పది రోజులకు రెండో రిపోర్టు నా ఫోనుకు వచ్చింది. మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఒక ముసలాయనకు రక్తం తీసి, దూది అదిమి పట్టుకోమని చెప్పి, ఫోను తెరిచాను.

ఆ పరీక్ష ఎట్లా చేస్తారో నాకు తెలుసు. ముక్కను మైనంలో ఉంచి గట్టిపరుస్తారు. దాన్ని ఉల్లిపొర కంటే పల్చగా కోసి గాజుపలక మీద పరిచి ఒక రంగు పోస్తారు. వెతికే ప్రొటీన్ ఉంటే కణాలు గోధుమ రంగుకు తిరుగుతాయి, లేకుంటే నీలంగానే ఉంటాయి. మొదట చూసేవి మూడు ప్రొటీన్లు. ఈఆర్, పీఆర్, హెర్‌టూ. మొదటి రెండూ ఉంటే ఆ క్యాన్సర్ ఒంట్లోని హార్మోన్ల మీద బతుకుతున్నట్టు. ఆ హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు ఉన్నాయి, ఏళ్ల తరబడి వేసుకుంటారు. మూడోది ఉంటే దాన్నే వెతికి పట్టే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఈ మూడింట్లో ఏదీ లేకుంటే మాత్రలూ పనిచేయవు, ఆ ఇంజెక్షన్లూ పనిచేయవు. అట్లాంటి గడ్డ తొందరగా పెరుగుతుంది, తొందరగా పాకుతుంది, మందుకు ఒకసారి తగ్గినా మళ్లీ లేస్తుందని భయం. ఎంత ముందు కీమో మొదలుపెడితే అంత మేలు. దాచకుండా చెప్తున్నాను, ఇదంతా ఆ రోజుకే నాకు తెలుసు.

రిపోర్టులో మూడింటి ఎదురుగా నెగెటివ్ అని ఉంది. కింద నాలుగో వరసలో కేఐ-67 అని మరో ప్రొటీన్. కణాలు ఎంత జోరుగా చీలి రెట్టింపవుతున్నాయో చెప్పేది అది. దాని ఎదురుగా డెబ్భై శాతం అని ఉంది. గడ్డలో నూటికి డెబ్భై కణాలు చీలే పనిమీదే ఉన్నాయన్న మాట.

ముసలాయన "అయిపోయిందా అమ్మా, పోవచ్చునా" అని రెండుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు.

సాయంత్రం ఐదింటికి అన్న ఇంటికి నడిచాను. నేను ఉండేది వాళ్లకు రెండు వీధుల అవతలే. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. 'వదినా, కొంచెం గట్టి మందే కావాలట. ఎల్లుండే పోదాం' అందామనుకున్నాను. ఇంట్లో అడుగుపెట్టేసరికి అన్న ఆటో తుడుస్తున్నాడు, వదిన చాట పక్కన పెట్టి బియ్యం ఏరుతోంది. వాళ్ల బిడ్డ, అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం, గడపలో కూర్చుని చదువుకుంటోంది. నా ముఖం చూడగానే లేచింది.

"రిపోర్టు వచ్చిందా అత్తా?"

వచ్చిందన్నాను. నా చేతిలోంచి ఫోను తీసుకుంది. నేను వదిలాను. గట్టిగా పట్టుకుని ఉంటే పోయేది కాదు.

ఆ పిల్ల ఇంగ్లీషులో చదువుతుంది. ఒక్కో వరసా పైకి చదివింది. "ఈఆర్, నెగెటివ్. పీఆర్, నెగెటివ్. గీ మూడోది హెర్‌టూ, అది గూడ నెగెటివ్." తలెత్తింది. కళ్లు మెరిసిపోయాయి. "అమ్మా, మూడూ నెగెటివే!"

ఆ మాటకు ఆ ఇంట్లో ఎంత విలువో తెలియాలంటే కరోనా రోజులు గుర్తు చేసుకోవాలి. రెండోసారి వచ్చినప్పుడు అన్నకు పాజిటివ్ వచ్చి వెనక గదిలో పద్నాలుగు రోజులు పడున్నాడు. వదిన పళ్లెం గడప మీద పెట్టి దూరం జరిగేది. పక్కింటాయన దవాఖాన నుంచి తిరిగి రాలేదు. ఆ రోజుల్లో ఊరంతా మా ల్యాబు ముందు నిలబడితే, వరండాలోకి వచ్చి పేరు పిలిచి "నెగెటివ్" అని అరిచేదాన్ని నేనే. వాళ్లు అక్కడే చేతులెత్తి దండం పెట్టుకునేవాళ్లు. పాజిటివ్ అంటే చావు, నెగెటివ్ అంటే బతుకు అని ఈ ఊరికి నేర్పినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

అన్న తడిగుడ్డ కింద పడేసి లోపలికొచ్చాడు. "నెగెటివా? నిజంగనా?" అని నన్ను అడిగాడు.

రిపోర్టులో ఆ మాటే ఉంది. "నెగెటివ్ అనే ఉందన్నా" అన్నాను.

వదిన ఒళ్లోని పళ్లెం పక్కకు పెట్టి ఏడ్చింది. నెలన్నర రోజులుగా ఆమె ఏడవలేదు. క్యాన్సర్ అన్న రోజు కూడా ఏడవలేదు. లేచి వచ్చి నా తల రెండు చేతులతో పట్టుకుని నుదురు నా నుదుటికి ఆనించింది. "సల్లగుండు బిడ్డా. నా బిడ్డ పెండ్లి చూస్తనో చూడనో అని ఎంత ఫికర్ పడ్డనో నీకెరుక లేదు" అంది. ఆమె వేళ్లకు తంబాకు వాసన. చిన్నప్పుడు నాకు జడలు వేసిన వేళ్లవి.

పిల్ల ఇంకా ఫోను చూస్తూనే ఉంది. "కిందేందో డెబ్భై శాతం అని ఉందత్తా, ఇదేంది?"

"అది వేరే. డాక్టర్లు చూసుకునేది" అన్నాను.

అన్న బజారుకు పోయి జిలేబీ తెచ్చాడు. నేనూ తిన్నాను. రేపు చెప్దాం, ఈ ఒక్క రాత్రి ఆమెను కంటినిండా నిద్రపోనిద్దాం అనుకున్నాను. ఆ అనుకోవడంలో దయ కొంత ఉన్నా, ఎక్కువ పాలు పిరికితనమే. కౌంటర్లో పదిహేనేళ్లు నిలబడి నేను నేర్చుకున్న మాట ఒకటుంది. రిపోర్టు చేతిలో పెట్టి, ఎవరేం అడిగినా "డాక్టరు గారు చెప్తారు" అనడం. అర్థం చెప్పడం మా పని కాదు. ల్యాబులో అది మంచి నియమం. మా ఇంట్లో నేను దాని చాటున దాక్కున్నాను.

మర్నాడు పొద్దున వెళ్లి, "ఒకసారి హైదరాబాదు పోయి చూపిచ్చుకుంటే మంచిది వదినా" అన్నాను.

"నెగెటివ్ వచ్చినంక ఇంక పోవుడెందుకే?" అంది వదిన. "కొవ్వు గడ్డ గావచ్చు. మా అవ్వకు వీపు మీద ఉండె, అట్లనే పోయింది ఆమెతోని."

"సర్జన్ సారు పొమ్మన్నడు గదా."

"పోదాం తియ్. పిల్ల పరీక్షలు అయిపోనీ" అన్నాడు అన్న.

పరీక్షలు అయిపోయాయి. తర్వాత బీడీ కార్ఖానాలో ఆకు ఎక్కువ ఇస్తున్నారు, నెలన్నర పని పోయింది, ఇప్పుడు విడిస్తే మళ్లీ దొరకదని వదిన అంది. తర్వాత పెద్ద కొడప్‌గల్‌లో వాళ్ల చెల్లె బిడ్డ పెళ్లి. వదిన కొత్త చీర కట్టుకుని పోయింది. నేను వారానికి రెండుసార్లు పోయి, పోదాం వదినా అంటూనే ఉన్నాను. ఎందుకు పోవాలో మాత్రం చెప్పలేదు. నా మాటలో భయం లేదు కాబట్టి వాళ్లకూ భయం వేయలేదు. ల్యాబులో కూర్చుని ఆ రిపోర్టు మళ్లీ మళ్లీ తెరిచేదాన్ని. ఒకరోజు ఇంకోలా కనిపిస్తుందేమోనన్నట్టు చూసేదాన్ని. డెబ్భై డెబ్భైగానే ఉండేది. ఆ అంకె కాగితం మీద నిలిచి ఉన్నా, వదిన ఒంట్లో నిలిచి లేదని నాకు తెలుసు. ఈరోజు తప్పక చెప్తానని ప్రతి ఉదయం అనుకునేదాన్ని. ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పాల్సింది రెండు మాటలైంది. ఒకటి రోగం, రెండోది ఇన్నాళ్లూ చెప్పలేదన్నది. రెండోది మొదటిదాన్ని బయటికి రానివ్వలేదు.

ఏడో వారంలో ఒక ఆదివారం మధ్యాహ్నం వదిన మా ఇంటికి వచ్చింది. మా ఆయన ఊళ్లో లేడు. తలుపు దగ్గరికి వేసి, రవిక విప్పింది. గడ్డ నిమ్మకాయ దాటి పెరిగింది. పైన చర్మం నారింజ తొక్కలా గుంటలు పడి, ఎర్రగా కందింది. చంకలో ఇంకో గడ్డ తేలింది. నేను చెయ్యి వేయలేదు. వేయాల్సిన పని లేదు.

"ఇట్లయితుందేంది బిడ్డా?" అంది. నా ముఖంలోకే చూస్తూ ఉంది. "నెగెటివ్ అంటే ఏంది? నాకు సాఫ్ చెప్పు."

చెప్పాను. మూడు ప్రొటీన్ల సంగతి, అవి లేకపోవడం మంచిది కాదన్న సంగతి, నాలుగోదాని అంకె, అన్నీ చెప్పాను. చెప్తుంటే నా గొంతు ల్యాబులో మాట్లాడే గొంతులాగే వచ్చింది. వదిన రవిక హుక్కులు ఒక్కొక్కటే పెట్టుకుంటూ విన్నది. పైట సర్దుకుంది.

"నీకు ఎప్పటి సంది ఎరుక?"

"వచ్చిన్నాటి సంది."

"ఏడు వారాలు."

"ఆ."

తిట్టింది అని రాయగలిగితే బాగుండు. తిట్టలేదు. మంచం అంచు మీద కూర్చుని చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. ఆమె కళ్లల్లో కోపం కోసం వెతికాను. అలసటే ఉంది. చివరికి, "నన్ను చూసి చెప్పలేకపోయినవు" అంది. అది నింద వేయడమో, క్షమించడమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

లేచి నిలబడి తలుపు గొళ్లెం మీద చెయ్యేసి ఆగింది. "మీ అన్నకు చెప్పకు, నీకు ముందే ఎరుక అని. మనకెవ్వరికీ సమజ్ కాలేదు అనే ఉండనియ్. బిడ్డ రేపు పెండ్లయి పోతది, నేను పోయినంక ఆయనకున్నది నువ్వొక్కదానివే. నీ మీద మనసు విరిగితె ఆయన ఆగమైతడు."

అట్లాగేనన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని ఒట్టు వేశాను.

రెండు రోజులకు హైదరాబాదు వెళ్లాం. స్కానింగులో ఊపిరితిత్తుల్లో చుక్కలు కనిపించాయి. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కళ్ల కింద నల్లచారలు. అన్ననూ వదిననూ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. ఇది పూర్తిగా నయమయ్యే దశ దాటింది, మందులతో ఆపగలిగినన్నాళ్లు ఆపుతాం అంది. అన్న, "మరి నెగెటివ్ వచ్చిందన్నరు గద మేడం" అన్నాడు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను ల్యాబులో పనిచేస్తానని కేసు కాగితంలో ఉంది. వదిన వెంటనే, "మాకు సదువు లేదు మేడం, అందరం గట్లనే అనుకున్నం" అంది. అందరం అన్న మాటలో నన్నూ కలిపేసుకుంది.

వాళ్లు బయటికి వెళ్లాక నేను వెనక్కి వచ్చాను. "ఏడు వారాల ముందు తెస్తే?" అని అడిగాను.

ఆమె పెన్ను మూత పెట్టింది. "చెప్పలేను. అప్పటికే ఊపిరితిత్తులకు పోయి ఉండొచ్చు. పోయి ఉండకపోవచ్చు. అప్పుడు స్కాన్ తీయలేదు కదా. ఇక మీకూ నాకూ ఎప్పటికీ తెలియదు." తర్వాత మెల్లగా, "మూడూ నెగెటివ్ అని చెప్తే ఇక్కడ కూడా చాలామంది సంతోషపడతారు. అందుకే నేను ఆ మాట వాడను. మందు దొరికే గుర్తులు ఏవీ లేవని చెప్తాను" అంది.

అంత చిన్న వాక్యం. అది నాకు ఆ సాయంత్రం వాళ్ల గడపలో తట్టలేదు.

మొదటి మూడు కీమోలకు గడ్డ కరిగింది. ఆ నెలలు ఎట్లా గడిచాయో రాయడం కష్టం, ఎందుకంటే వాటిలో ఆశ ఉంది. వదిన జుట్టంతా రాలింది. బిడ్డ తన చున్నీ చుట్టి వెనక ముడి వేసేది. మూడు వారాలకొకసారి పొద్దున బస్సెక్కి వెళ్లి, వచ్చేటప్పుడు వాంతుల కోసం కవరు చేతిలో పట్టుకుని కూర్చునేది. ఎర్రమందు అనే కీమో ఎక్కిన రోజు నోట్లో ఇనుము నాకినట్టు ఉందనేది. ఇంట్లో ఓపిక ఉన్న పూట చాట ముందేసుకునేది. వేళ్లకు తిమ్మిరెక్కి ఆకు జారిపోయేది. పట్టుకోబోయి, పడిపోతే, మళ్లీ పట్టుకునేది. ఒకరోజు చాట ఎత్తి అటక మీద పెట్టించింది.

నాతో ఎప్పటిలాగే మాట్లాడింది. ఆ ఆదివారం సంగతి మా మధ్య మళ్లీ రాలేదు. రక్తం తక్కువైతే నన్నే పిలిపించి శాంపిల్ ఇచ్చేది. నరం దొరక్క నేను రెండోసారి గుచ్చితే, "తియ్యి తియ్యి, నువ్వు కాకుంటే ఎవరు తీస్తరు" అనేది. ఆ మాటలు మామూలువే. నాకు మాత్రం ఒక్కోటీ లోపల దిగేది.

అయిదో కీమో తర్వాత గడ్డ మళ్లీ పెరిగింది. మందు మార్చారు. దగ్గు మొదలైంది. తర్వాత తలనొప్పి, ఒకటి రెండుగా కనపడటం. తలకు పాకిందన్నారు. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. రిపోర్టు వచ్చిన నాటి నుంచి పదమూడో నెలలో, పొద్దున తొమ్మిదింటికి, బిడ్డ చెంచాతో నీళ్లు పోస్తుండగా ఆ నీళ్లు పెదవి పక్కనుంచి కారిపోయాయి. నేను నాడి చూశాను. అన్న నా ముఖం చూశాడు. ఆ ఒక్కసారి మాత్రం ఆలస్యం చేయకుండా చెప్పాను.

పదో రోజున చుట్టాలందరి ముందు అన్న నా చెయ్యి పట్టుకుని, "మా చెల్లె లేకుంటె నా పెండ్లానికి అన్ని రోజులు గూడ దక్కకపోవు. కన్నబిడ్డ లెక్క చేసింది" అని ఏడ్చాడు. అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను లేచి పెరట్లోకి పోయి అంట్లు తోమడం మొదలుపెట్టాను.

ఒట్టు ప్రకారం నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఏడు నెలలు ఉన్నాను. అన్న ప్రతి రోజూ సాయంత్రం ఆటో మా ఇంటి ముందు ఆపి చాయ్ తాగి వెళ్లేవాడు. వదిన చెప్పినట్టే, మనసులో మాట చెప్పుకోవడానికి ఆయనకు నేనొక్కదాన్నే మిగిలాను. ఆయన మంచి మాట అన్నప్పుడల్లా నేను చాయ్ గిన్నె కడగడానికి లోపలికి పోయేదాన్ని. ఒకరోజు బీర్కూర్‌లో ఒక ముసలామెకు ఇంటిదగ్గర రక్తం తీయాల్సి ఉంటే అన్న ఆటోలోనే పోయాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మేమిద్దరమే ఉన్నాం. రోడ్డు పక్కన వరి కోసేశారు, మిషన్ తిరిగిన చాళ్లు కనిపిస్తున్నాయి. అన్న వదిన గురించే ఏదో చెప్తున్నాడు, నెగెటివ్ అన్ననాడు ఎంత సంబరపడిందో అని.

"అన్నా, ఆ రోజే నాకు ఎరుక" అన్నాను.

మొదట అర్థం కాలేదు. "ఏందెరుక?" అన్నాడు. చెప్పాను. అన్నీ వరసగా చెప్పాను. ఆటో మెల్లబడింది, పక్కకు ఆగింది. అన్న వెనక్కి తిరగలేదు. హ్యాండిల్ మీద చేతులు అట్లాగే ఉంచి, ముందుకే చూస్తూ, "జిలేబీ తిన్నవు గద నువ్వు గూడ" అన్నాడు.

ఇంజను ఆపకుండానే, "దిగు" అన్నాడు.

శాంపిళ్ల డబ్బా పట్టుకుని దిగాను. ఆటో వెళ్లిపోయింది. ఊరిదాకా నడిచాను. డబ్బాలో ముసలామె రక్తం వేడెక్కి పాడైపోతుందన్న ఆలోచన ఒక్కటే తలలో తిరిగింది. వేరే ఏదీ ఆలోచించే శక్తి లేదు.

మనసు తేలికపడుతుందని చెప్పాననుకుంటాను. ఒట్టు తప్పినా నాకు అది కూడా దక్కలేదు. వారం తర్వాత అన్న బిడ్డ ల్యాబుకు వచ్చింది. అన్న ఇంట్లో కోపంలో అంతా చెప్పేశాడట. తిట్టడానికి వచ్చిందనుకుని నేను సిద్ధపడ్డాను. ఆ పిల్ల కౌంటర్ అంచు పట్టుకుని నిలబడి, "చదివింది నేనే గదత్తా. మూడూ నెగెటివే అని ఒర్రింది నేనే గదా" అంది.

"నీకేం తెలుసు బిడ్డా అప్పుడు" అన్నాను.

"కిందున్న డెబ్భై గూడ చదివిన. నిన్ను అడిగిన. నువ్వు వేరే అన్నవు. ఫోన్లో వెతికితె తెలుస్తుండె. వెతకలే." ఆమె గొంతులో ఏడుపు లేదు. తనను తాను ఒక్కో వరసా చదువుకుంటున్నట్టు చెప్పింది. వదిన ఆ ఒట్టు వేయించుకున్నది అన్న కోసమే అనుకున్నాను అన్నాళ్లూ. చదివింది తానేనన్న బాధ తగలకుండా బిడ్డను కూడా ఆ ఒట్టు చాటున దాచిందని అప్పుడు అర్థమైంది. నేను ఆ మూత తీసేశాను.

అన్న ఇప్పుడు మా వీధిలోకి రాడు. బస్టాండు దగ్గర ఎదురుపడితే తల తిప్పుకోడు, నన్ను చూసినట్టే చూసి పోతాడు, ముఖం ఎరిగిన మనిషిని చూసినట్టు. చాయ్ ఎక్కడ తాగుతాడో తెలియదు. తాగుడు మొదలుపెట్టాడని ఎవరో అన్నారు. నేను అడగలేదు, అడిగే హక్కు లేదు.

ఆ డాక్టరమ్మ వదినకు మందు మొదలుపెట్టిన రోజుల్లోనే ఒక మాట చెప్పింది. చిన్న వయసులో ఈ రకం క్యాన్సర్ వస్తే అది రక్తంలో తల్లి నుంచి బిడ్డకు దిగే అవకాశం ఉంటుందని, బిడ్డకు పరీక్ష చేయిస్తే మంచిదని. అప్పుడు ఎవరికీ ఆ ఓపిక లేకపోయింది. ఈ మధ్య ఆ పిల్ల అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట వచ్చి ల్యాబు బెంచీ మీద కూర్చుంటుంది. నాతో పెద్దగా మాట్లాడదు. ఇంట్లో ఒక్కతే ఉండలేక వస్తుందేమో. పోయిన నెల ఆమె పక్కన కూర్చుని ఆ పరీక్ష గురించి చెప్పాను. రక్తం ఎంత తీస్తారో, ఎక్కడికి పోతుందో, ఎన్నాళ్లు పడుతుందో, ఏ మాట వస్తే ఏమిటి అర్థమో, అది వచ్చాక ఏం చేయాల్సి ఉంటుందో, ఒక్క మాట దాచకుండా, ఎంత భయంకరమైనదైనా తగ్గించకుండా చెప్పాను.

చివరిదాకా వింది. "చేయించుకోనత్తా. ఇంకో రిపోర్టు చదువుడు నాతోని కాదు" అంది. బ్యాగు తీసుకుని, తను ట్యూషన్ చెప్పే పిల్లలు వచ్చే టైమైందని వెళ్లిపోయింది.